ప్రకటన కాగితం కోసం కొండ చుట్టూ

వారానికి మూడు రోజులు నేను పలాసలో ఆస్పత్రి బయట సిమెంటు బల్ల మీద కూర్చుంటాను. లోపల మా అన్నయ్యకి డయాలసిస్ చేస్తుంటారు. మా ఉద్దానం వాళ్ళకి ఇంతకంటే చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పాలంటే మా కొబ్బరితోటల మధ్య ఈ కిడ్నీ జబ్బు అడుగుపెట్టని వీధి వెతికి పట్టుకోవాలి. వదిన పోయిన దగ్గర నుంచీ తోడు రావడం నా వంతయింది. అన్నయ్యతో ఎక్కడికైనా వెళ్ళడమంటే ఎంత ఓపిక కావాలో నాకు ఈనాడు కొత్తగా తెలిసింది కాదు, నలభై ఏళ్ళ పైనుంచీ తెలుసు. మొన్న బయటికి వచ్చాక ఆటో పిలిచి, ఎక్కించి, కర్ర అందించేలోపు ఎదురుగా కొబ్బరిబొండాల బండి దగ్గర అయిదారు సైకిళ్ళు ఆగాయి, మా అన్నయ్య ఆటోలోంచి దిగిపోయాడు.

విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళూ ఆడపిల్లలూ. నెత్తిన టోపీలు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, సైకిలుకి నీళ్ళ సీసాలు. పొద్దున్నే రైలు దిగి, మందస కొండల వైపు తిరిగి, సాయంత్రానికి మళ్ళీ పలాస చేరడం వాళ్ళ కార్యక్రమమట. అన్నయ్య వాళ్ళ ఊళ్ళూ పేర్లూ, తల్లిదండ్రులు ఏం చేస్తారో కూడా కనుక్కున్నాడు, ఒకమ్మాయి ప్రేమగా ఇవ్వబోయిన బొండాం వైపు చెయ్యి కూడా చాపాడు. కొబ్బరినీళ్ళు ఒక్క గుక్క కూడా తాగకూడదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేను గద్దించేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ కోపం నా మీద ఇలా తీర్చుకున్నాడు. "మా సెల్లి పెళ్ళికి ముందురోజు ఆ కొండ సుట్టూ సైకిలు తొక్కింది, తెల్సా," అన్నాడు ఆ పిల్లతో. ఆ పిల్ల నా తెల్లజుట్టునీ, వాచిన మోకాళ్ళనీ చూసి, "సో స్వీట్ ఆంటీ," అని ఒక నవ్వు నవ్వింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆటో అతను ఈలోగా వేరే బేరం చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ చిరాకుతోనే ఇది రాస్తున్నాను.

నేను నర్సు ట్రైనింగు పూర్తి చేసి, మందస కొండల కింద ఊళ్ళకి మంత్రసాని నర్సుగా రెండేళ్ళు పనిచేశాను. వెనక చక్రంలో చీర చిక్కకుండా జాలీ కట్టిన లేడీస్ సైకిలు, ముందు బుట్టలో మందుల పెట్టె, హ్యాండిల్‌కి గొడుగు. కొండ వాలున ఉన్న సవర గూడేలకి వారానికి రెండు రోజులు వెళ్ళేదాన్ని. ఎక్కడ దిగి తొయ్యాలో, ఎక్కడ బ్రేకు నమ్ముకోకుండా కాలు నేలకి ఆనించాలో ఆ దారి మొత్తం నా కాళ్ళకి కంఠస్థం. ఆ గూడేల్లో నా చేతుల మీద పుట్టిన పిల్లలున్నారు. అది చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నాకు కొంచెం గర్వమే.

టెక్కలిలో బడిపంతులుగా పనిచేసే అబ్బాయితో సంబంధం కుదిరింది. ప్రధానం రోజునే అత్తగారు కాబోయే ఆవిడ ఒక షరతు పెట్టింది. తమ ఇంటి కోడలు సైకిలెక్కి కొండల వెంట తిరగడం కుదరదు, టెక్కలి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికితే సరే, దొరక్కపోతే ఇంట్లోనే ఉండాలి. నేను ఆలోచించకుండా తలూపాను. పెళ్ళికొడుకు రాసిన రెండు ఉత్తరాలు అప్పటికే నా పెట్టెలో ఉన్నాయి, చేతిరాత ముత్యాల్లా ఉండేది, ఆ వయసులో అంతకంటే కారణాలు ఎవరికి కావాలి! నా తరం ఆడవాళ్ళకి నేను చెప్పకుండానే అర్థమవుతుంది.

మా బాప్టిస్టు సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా వాళ్ళ అమ్మాయికీ ఫలానా వాళ్ళ అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి, అని పాస్టరుగారు అడుగుతారు. మా వైపు ఆయన్ని అయ్యగారు అంటాం. మూడు వారాలూ ఎవరూ లేవకపోతే, ఎవరికీ అభ్యంతరం లేదని ఒక కాగితం రాసి సంతకం చేస్తారు. ఆ కాగితం పెళ్ళి జరిపించే సంఘానికి చేరాలి. టెక్కలి సంఘం అయ్యగారు నిప్పులాంటి మనిషి, కాగితం చేతిలో పడందే పెళ్ళి చెయ్యనని ముందే కబురు పెట్టారు. మా అయ్యగారు రాసి సంఘపెద్దకి ఇచ్చి వెళ్తానన్నారు. పెళ్ళికి రెండు రోజుల ముందు సాయంత్రం, నాకు నలుగు పెట్టి లేపాక, సంఘపెద్ద వచ్చి తాపీగా కాగితం తనకి అందలేదని చెప్పాడు. అయ్యగారు రాశారు, రాసి తన బైబిల్లో పెట్టుకున్నారు, ఆ బైబిలు పట్టుకుని నాలుగు రోజుల పాటు కొండ గూడేల్లో బాప్తిస్మాలు ఇవ్వడానికి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

మధ్యలో ఒక్క రోజే ఉంది. ఆ మర్నాడు పదింటికి టెక్కలిలో పెళ్ళి. నాన్నకి ఉబ్బసం, చుట్టాల్లో ఎవరికీ కొండదారి తెలియదు, అన్నయ్యకైతే కాశీబుగ్గ దాటితే దిక్కులే తెలియవు. దారి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి, "నలుగెట్టిన పిల్ల గడప దాటుతాదేటే? నలుగురూ ఏటనుకుంటారు?" అని ఒకటే గోల. మేము బొట్టు పెట్టుకోం, కంకణం కట్టుకోం, ముహూర్తాలు చూడం, అవేవీ నమ్మమని గట్టిగా చెప్పుకునే కుటుంబం మాది. నలుగు పెట్టాక గడప దాటకూడదన్నది మాత్రం ఏ వాక్యంలో ఉందో అమ్మనే అడగాలి. చివరికి అన్నయ్యని తోడు పంపడానికి ఒప్పుకుంది. పాదాలకి పసుపుతో, చేతులకి గోరింటాకుతో తెల్లవారుజామున నేను సైకిలెక్కాను.

నేను గట్టిగా తొక్కితే పలాస గంటంబావు. ఆ రోజు రెండున్నర గంటలు పట్టింది. ఊరి పొలిమేర దాటగానే అన్నయ్య గాలి తక్కువైందన్నాడు. గాలి కొట్టించాక చైను వదులైందన్నాడు. జీడితోటల దగ్గర తెలిసినవాళ్ళు పళ్ళు ఏరుతుంటే దిగి వాళ్ళ క్షేమసమాచారాలు కనుక్కున్నాడు. పలాస చేరాక, జీడిపిక్కలు కాల్చే వాసనకి కళ్ళు మండుతుంటే, "సెల్లీ, ఒక్క టీ తాగీసి ఎల్దుం," అన్నాడు. టీతో పాటు ఇడ్లీ, ఇడ్లీతో పాటు హోటలు యజమానితో రైళ్ళ రాకపోకల మీద చర్చ. నేను బయట ఎండలో సైకిలు పట్టుకుని నిలబడి, నిమిషానికోసారి బెల్లు కొట్టాను. ఆయన లోపలి నుంచి చెయ్యి ఊపాడు. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది, గూడ్సు బండి వెళ్ళేదాకా ఆగాలి కదా, అదీ ఆయనకి కలిసొచ్చింది. మా అన్నయ్య నెమ్మది మనిషేగాని మరీ ఇంత నెమ్మది కాదు, ఆ రోజు ఏదో పూనినట్టుంది అనుకుని పళ్ళు కొరికాను.

ఆ కొండ చుట్టూ బండిదారి మీద మూడు గూడేలున్నాయి. మొదటి గూడేనికీ మూడో గూడేనికీ మధ్య కొండ మీదుగా ఒక కాలిదారి ఉంది, సైకిలు పోదు, మనిషి పోతాడు. మొదటి గూడెం చేరేసరికి తొమ్మిది దాటింది. "ఇప్పుడే ఎల్లిపోనారమ్మా, అలా ఎల్లారో నేదో మీరొచ్చినారు," అన్నారు. సరే, ఎంతో దూరం వెళ్ళి ఉండరని నేను పెడలు మీద కాలు పెట్టబోతే, ఆడవాళ్ళు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నారు. నా పాదాల పసుపు చూశారు. పెళ్ళి పసుపుతో ఉన్న పిల్ల గడపకి వస్తే ఉత్తిచేతులతో పంపడం వాళ్ళ మర్యాద కాదు. "వొట్టి సేతుల్తో ఎల్తావేటి, మా పిల్లలికి పేనం పోసినావు," అని ఒకామె పసుపుకొమ్ముల మూట బుట్టలో పెట్టింది. ఇంకొకామె చింతపండు ముద్ద తెచ్చింది. మూడో ఆమె చోడంబలి తాగితేగాని కదలనివ్వనంది. కాదనలేం, కాదంటే తప్పు. నాకు కళ్ళ ముందు టెక్కలి అయ్యగారి మొహం కనిపిస్తోంది, అన్నయ్య మాత్రం చెట్టు నీడన కూర్చుని రెండో గిన్నె అంబలి అడుగుతున్నాడు.

రెండో గూడెం ఇదిగో ఈ మలుపు తిరిగితే వచ్చేస్తుందని చెప్పారు. వాళ్ళు చెప్పే మలుపుల సంగతి నాకు తెలుసు, ఆరు మలుపులు. ఎర్రమట్టి దారి, వైశాఖ మాసపు ఎండ, సగం దారి దిగి తోసుకుంటూ వెళ్ళడమే. అక్కడా అదే మాట, ఇప్పుడే వెళ్ళారు. అక్కడా అదే మర్యాద. ఈసారి కట్టిన కాళ్ళతో ఒక కోడిపెట్టని నా హ్యాండిల్‌కి వేలాడదీశారు, ఒక పెద్ద పనసకాయని అన్నయ్య క్యారేజీకి తాళ్ళతో బిగించారు. ఆ పనసకాయ బరువుకి ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన సైకిలు ముందు చక్రం లేచిపోయేది. రెండుసార్లు తాడు వదులైంది, రెండుసార్లూ పనసకాయ దొర్లి లోయలోకి పోబోతే నేనే పరుగెత్తి పట్టుకున్నాను. అన్నయ్య పక్కన నిలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నోటికొచ్చినట్టు తిట్టాను, కోడిపెట్ట కూడా నాతో పాటు అరిచింది.

మూడో గూడెం చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. అక్కడ ఒక ముసలాయన ఎదురొచ్చి, "మీకోసమే ఎనక్కెల్లినారు బాబూ, అడ్డదారినెల్లినారు," అన్నాడు. జరిగిందేమిటంటే, మేము మొదటి గూడెం వదిలాక అక్కడి వాళ్ళకి మనసొప్పలేదట. పెళ్ళికూతురు ఎండలో అయ్యగారి వెనక పరుగెత్తడమేమిటని, కాలు చురుకైన మనిషినొకణ్ణి కాలిదారిన మూడో గూడేనికి పంపి, నర్సమ్మ మీకోసం మా గూడేనికి వచ్చింది, మీరే రావాలని అయ్యగారికి కబురు చేశారు, మేము బయల్దేరిపోయామన్న ముక్క మాత్రం చెప్పలేదు. అయ్యగారు సైకిలు ఇక్కడే వదిలేసి, బైబిలు చంకన పెట్టుకుని, కొండ మీదుగా మొదటి గూడేనికి నడిచి వెళ్ళిపోయారు. మేము కొండ చుట్టూ వస్తుంటే ఆయన కొండ మీద నుంచి దాటిపోయారన్నమాట. మర్యాద ఎక్కువైతే పని ఎలా చెడుతుందో ఆ రోజు చూశాను.

ఇద్దరం వెనక్కి వెళ్తే ఆయన మళ్ళీ ఇటు రావచ్చు, ఇద్దరం ఇక్కడుంటే ఆయన అక్కడే సాయంత్రం దాకా మా కోసం కూర్చోవచ్చు. ఒకరు ఉండాలి, ఒకరు వెళ్ళాలి. నేను కాలిదారిన వెళ్తానంటే అన్నయ్య ఒప్పుకోలేదు, పసుపు కాళ్ళతో అక్కర్లేదన్నాడు. పొద్దుట్నించీ మొదటిసారి ఆయన నోట ఒక గట్టి మాట విన్నాను. ముసలాయన్ని కాలిదారి అడిగి తెలుసుకుని, పంచె ఎగగట్టి, వెనక్కి చూడకుండా కొండెక్కాడు.

నేను మూడు గంటలు కూర్చున్నాను. ఊరికే కూర్చోనిచ్చారా, నర్సమ్మ వచ్చిందని పిల్లల్ని ఎత్తుకుని ఒక్కొక్కరే వచ్చారు. ఒకడికి చెవిలో చీము, ఒకత్తెకి పాలు పడటం లేదు, ఒక పసిదానికి బొడ్డు సరిగ్గా ఆరలేదు. మందుల పెట్టె ఇంట్లో ఉండిపోయింది, చెప్పగలిగింది చెప్పాను, వేడినీళ్ళు అడిగి కడగగలిగింది కడిగాను. కాగితం సంగతి కాసేపు నిజంగానే మరిచిపోయాను. చిన్న వయసు తల్లి ఒకత్తె, ఆ ఏడాదే నా చేతుల మీద కాన్పయింది, పిల్లని ఒళ్ళో సర్దుకుంటూ, "పెళ్ళయినాక మళ్ళీ ఎప్పుడొత్తావమ్మా?" అని అడిగింది. వచ్చే నెల వస్తానన్నాను. అబద్ధమని నాకు తెలుసు, ఆమెకి తెలియదు.

అన్నయ్య దిగి వచ్చేసరికి పొద్దు బాగా వాలింది. చొక్కా తడిసి ఉంది, మోకాలు చెక్కుకుపోయింది. కాగితం మడత జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. అయ్యగారు మా ఇద్దరి కోసం చాలాసేపు ప్రార్థన చేశారనీ, అందుకే ఆలస్యమైందనీ అన్నాడు. నేను ఒక్క మంచిమాట అనలేదు. ఇంత నెమ్మదిగా ప్రార్థన చేసే అయ్యగారినీ, ఇంత నెమ్మదిగా నడిచే అన్నయ్యనీ కలిపి తిట్టాను. పల్లపు దారిలో మాత్రం ఇద్దరం పెడలు తొక్కకుండా జారుకుంటూ వచ్చాం, చల్లగాలి, దూరంగా సముద్రం మీద ఒక గీత, కోడిపెట్ట రెక్కలు టపటపలాడిస్తోంది. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. మర్నాడు పదింటికి టెక్కలిలో నా పెళ్ళి జరిగిపోయింది. ఆ పనసకాయ కూరే పెళ్ళి భోజనంలో అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత నేను సైకిలెక్కలేదు. టెక్కలి ఆస్పత్రిలో ఉద్యోగం దొరకలేదు, దాని కోసం చూస్తుండగానే పెద్దది పుట్టింది, చిన్నవాడు పుట్టాడు. మా ఆయన మంచి మనిషే, చేతిరాత లాగే మనసూ నిదానం, ఆయన మీద ఫిర్యాదు లేదు, రిటైరయ్యాక మా ఊరికే వచ్చి ఉంటున్నాం. ఆ గూడేలకి మాత్రం మళ్ళీ వెళ్ళనేలేదు. ఇప్పుడు అక్కడి దాకా తారు రోడ్డు పడిందట, నర్సమ్మ స్కూటీ మీద వస్తుందట, ఇంటింటికీ ఫోనుందట కాబట్టి ఎవరూ ఎవరి కోసం కొండ దాటనక్కర్లేదు.

మొన్న ఇంకో ఆటో దొరికి ఇంటికి వస్తుంటే, ఇంకా ఆ సైకిళ్ళ గురించే గొణుగుతున్నాను. ఆ రోజు నువ్వు టీలూ ఇడ్లీలూ అంటూ అంత సాగదీయకుండా ఉంటే మొదటి గూడెంలోనే అయ్యగారు దొరికేవారని, నలభై ఏళ్ళుగా అన్నదే మళ్ళీ అన్నాను. అన్నయ్య బయటికే చూస్తూ, "అయ్యగారు దొరక్కూడదనే సాగదీసినాను," అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయనే నెమ్మదిగా చెప్పాడు. అత్తగారి షరతు ఆయనకి నచ్చలేదట. కాగితం అందకపోతే పెళ్ళి ఒక నెల వెనక్కి పోతుంది, ఆ నెలలో నేనే ఆలోచించుకుంటానని అనుకున్నాడట. అయ్యగారి ప్రార్థన రెండు నిమిషాలేనట. మిగిలిన సేపంతా దారిలో గెడ్డ పక్కన రాయి మీద ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాడట, నీళ్ళలో వదిలేద్దామా వద్దా అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. జబ్బు మనిషని కూడా చూడకుండా ఆటోలోనే అరిచాను. మూడు ఆదివారాలు అడిగారు కదా, అభ్యంతరం ఉంటే లేచి చెప్పమని, అందరికీ నోరు లేకపోతే నీకూ లేదా, అప్పుడెందుకు లేవలేదు? "లెగుద్దామనే అనుకున్నాను సెల్లీ. మూడుసార్లూ నీ వైపు సూసినాను. నువ్వు నవ్వుతున్నావు," అన్నాడు.

ఇల్లు వచ్చేసింది. దిగేటప్పుడు కర్ర అందించాను, చెయ్యి పట్టుకుని గుమ్మం ఎక్కించాను, ఈసారి తొందరపెట్టలేదు.

మా సంఘంలో ఇప్పటికీ ప్రకటన చదువుతారు. మైకులో గబగబా చదివేస్తారు, అభ్యంతరం మాట వచ్చేసరికి సగం మంది ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, అయ్యగారు ఆగను కూడా ఆగరు. ఆ ఆటో సంగతి జరిగాక వచ్చిన ఆదివారం మా వీధి పిల్లది చదివారు. నేను మొదట ఆ పిల్ల మొహం చూశాను. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగి, ఒక్కో వరసా చూశాను. ఎవరూ లేవలేదు. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది.